రేడియో లైసెన్సు నుండి సెల్‌ఫోను రసీదు వరకు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు ముందు సర్వీసు జ్ఞాపకాలు రాద్దామనుకున్నాను. అయితే పే రివిజన్ల గురించీ, డి.ఏ. బకాయిల గురించీ నాకంటే సాధికారంగా రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత వేరే విషయం ఎత్తుకున్నాను. రేడియో, టీవీ, టెలిఫోను, సెల్‌ఫోను మన కోనసీమ ఇళ్ళలోకి ఒకదాని వెనుక ఒకటి ఎలా వచ్చాయో మన తరమంతా చూసింది. కానీ అవి పాడైనప్పుడు, అమ్మినవాడు చేతులెత్తేసినప్పుడు, కొన్నవాడికి చట్టంలో ఏ దారి ఉండేది, ఇప్పుడు ఏ దారి ఉంది అన్నది మనలో చాలామంది పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు. దాని ఫలితం అనుభవించాను. ఆ సంగతి కూడా సందర్భం వచ్చినప్పుడు మనవి చేసుకుంటాను.

లైసెన్సు మనకే, పూచీ ఎవరికీ లేదు

విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. ఆ మరుసటి ఏడు నేను పుట్టాను. కాబట్టి రేడియోకీ నాకూ దాదాపు ఒకే వయసు. మా ఊళ్ళో మొదట రేడియో ఉన్నది పంచాయతీ ఆఫీసులోనే. సాయంత్రం వార్తల వేళకు అరుగు మీద జనం చేరేవారు. మా ఇంటికి రేడియో వచ్చింది 1966లో. మా నాన్నగారు రాజోలు తాలూకాలో ఎలిమెంటరీ స్కూలు మేస్టారు. ఆ రేడియో కొనడానికి ఆయన రెండేళ్ళు డబ్బు కూడబెట్టారు.

రేడియో కొంటే సరిపోయేది కాదు. పోస్టాఫీసుకు వెళ్ళి లైసెన్సు పుస్తకం తీసుకోవాలి. ఏటా పదిహేను రూపాయలు కట్టి ముద్ర వేయించుకోవాలి. గడువు దాటితే అదనపు రుసుము. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రాఫీ చట్టం దీనికి ఆధారం. లైసెన్సు లేని రేడియో ఇంట్లో ఉండటం నేరం. మా నాన్నగారు ఆ పుస్తకాన్ని భూమి దస్తావేజులతో కలిపి ట్రంకు పెట్టెలో దాచేవారు. ఎనభైల మధ్యలో ఈ లైసెన్సులు ఎత్తివేసేదాకా ఇదే పద్ధతి.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఒక సంగతి తోస్తుంది. రేడియో కొన్నవాడికి లైసెన్సు ఉంది, రుసుము ఉంది, తనిఖీ ఉంది. పాడు రేడియో అమ్మినవాడిని నిలదీయడానికి మాత్రం సామాన్యుడికి అందేది ఏదీ లేదు. చట్టం అసలే లేదా అంటే, ఉంది. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ఉంది. దాని మూలసూత్రం కొనేవాడే జాగ్రత్త పడాలన్నది. అయితే కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ఏ పనికోసం కొంటున్నాడో చెప్పి, అమ్మేవాడి నైపుణ్యం మీద ఆధారపడి కొంటే, ఆ వస్తువు ఆ పనికి తగినట్టు ఉండాలి. అది నెరవేరకపోతే దావా వేయవచ్చు.

ఎక్కడ వేయాలి? మునసబు కోర్టులో. కోర్టు ఫీజు స్టాంపు, వకీలు గారి ఫీజు, వాయిదాల ఖర్చు కలిపితే రెండు రేడియోలు వచ్చేవి. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని సామెత ఊరికే పుట్టలేదు. అందుచేత రేడియో మెకానిక్కే మనకు న్యాయమూర్తి. ఆయన వాల్వు పోయిందంటే పోయినట్టు, కండెన్సరు అంటే కండెన్సరు.

1969లో ఏకస్వామ్య, నిర్బంధ వాణిజ్య పద్ధతుల చట్టం వచ్చింది. మనం పేపర్లో ఎం.ఆర్.టి.పి. అని చదివేవాళ్ళం. దానికి 1984లో సవరణ చేసి, తప్పుడు ప్రకటనల వంటి అనుచిత వ్యాపార పద్ధతులను కూడా చేర్చారు. కాని ఆ కమిషను ఉన్నది ఢిల్లీలో. రాజోలు నుంచి రాజమండ్రి వెళ్ళడమే ఒక ప్రయాణమైన రోజుల్లో ఢిల్లీ ఎవరికి అందుతుంది?

చట్టం పుట్టుక

వినియోగదారుడికి హక్కులు ఉంటాయన్న మాటను రాజ్యాధినేత ఒకరు స్పష్టంగా చెప్పింది 1962 మార్చి 15న. అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ ఆ దేశపు కాంగ్రెసుకు పంపిన సందేశంలో నాలుగు హక్కులు పేర్కొన్నారు. అవి భద్రత, సమాచారం, ఎంపిక, తన మాట వినిపించుకునే హక్కు. అందుకే మార్చి 15ను ప్రపంచ వినియోగదారుల హక్కుల దినంగా పాటిస్తున్నారు. 1985 ఏప్రిల్‌లో ఐక్యరాజ్య సమితి వినియోగదారుల రక్షణకు మార్గదర్శక సూత్రాలు ఆమోదించింది. ఆ మరుసటి ఏడాది మన పార్లమెంటు వినియోగదారుల రక్షణ చట్టాన్ని చేసింది. 1986 డిసెంబరు 24న దానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది. ఆ తేదీనే ఇప్పుడు జాతీయ వినియోగదారుల దినంగా జరుపుతున్నారు. చట్టంలో కొన్ని భాగాలు 1987 ఏప్రిల్ 15 నుంచి, ఫిర్యాదులు విచారించే వ్యవస్థకు సంబంధించిన భాగం 1987 జూలై 1 నుంచి అమలులోకి వచ్చాయి.

ఆ జూలై 1 తేదీని నేను ఎందుకు మరచిపోలేనో చెబుతాను.

నా పొరపాటు

1987లో ప్రతి ఆదివారం ఉదయం దూరదర్శన్‌లో రామాయణం ధారావాహిక వచ్చేది. అది ఆ ఏడు జనవరి 25న మొదలైంది. మా వీధిలో టీవీ ఉన్నది ఒక్క ఇంట్లోనే. ఎత్తయిన ఇనుప గొట్టానికి యాంటెన్నా కట్టి, ఒకరు మేడ మీద తిప్పుతుంటే ఇంకొకరు కింద నుంచి "వచ్చింది, వచ్చింది, ఆపు" అని కేకలు వేసేవారు. మా నాన్నగారు అప్పటికి రిటైరై పదిహేనేళ్ళు. హిందీ ముక్క రాదు. కథ తెలిసిందే కదా అని వెళ్ళేవారు. ఆ ఇంటి వసారాలో, గుమ్మానికి ఇవతల, చెప్పులు విడిచేచోట కూర్చునేవారు. లోపలికి రమ్మంటే పిల్లలకు అడ్డం అని ఒప్పుకునేవారు కాదు.

నేను అది ఒకసారి చూశాను. ఆ నెలలోనే ప్రొవిడెంటు ఫండు నుంచి అప్పుకు అర్జీ పెట్టాను. ఆగస్టులో డబ్బు చేతికి వచ్చింది. ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి, కోటిపల్లి రేవులో దిగి, అక్కడినుంచి బస్సులో వెళ్ళి, గోదావరి అవతలి పట్నంలో ఒక దుకాణంలో నలుపు తెలుపు టీవీ బేరం చేశాను. మూడు వేల నాలుగు వందలు. దుకాణదారు మంచి మాటకారి.

"బిల్లు వేస్తే సేల్సు టాక్సు పడుతుందండి, ఆయ్. చీటీ రాసిస్తాను. మీకు మూడొందలు కలిసొస్తుంది. రిపేరు వస్తే మేం లేమాండీ? మా మాట మీద నమ్మకం లేదా?" అన్నాడు.

నేను ఏమి చేసేవాణ్ణో పాఠకులకు గుర్తు చేస్తాను. తాలూకా కచేరీలోనూ, 1985లో మండలాలు వచ్చాక మండల కార్యాలయంలోనూ కంటింజెంటు బిల్లులు చూసే గుమస్తాను. రెండు రూపాయల గుండుసూదులకు రసీదు లేకపోతే "వోచరు జతచేయబడలేదు" అని ఎర్ర సిరాతో రాసి వెనక్కి పంపినవాణ్ణి. అటువంటి నేను మూడు వందలకు ఆశపడి చీటీ తీసుకున్నాను. దాని మీద దుకాణం పేరు లేదు. "టీవీ 1" అని, కింద ధర, అంతే. గ్యారంటీ కార్డు మీద ముద్ర లేదు.

అక్టోబరు వచ్చేసరికి బొమ్మ రెండు పక్కల నుంచీ కుంచించుకుపోవడం మొదలైంది. తర్వాత చీకటి. మాట మాత్రం వినిపించేది. దుప్పటిలో చుట్టి, పంటులో ఒళ్ళో పెట్టుకుని తీసుకువెళ్ళాను. అదే మనిషి, అదే మర్యాద. "మా దగ్గర కొన్నట్టు రాత ఏదైనా ఉందాండి?" అన్నాడు. చీటీ చూపించాను. "ఇందులో మా పేరెక్కడుందండీ?" అన్నాడు. డబ్బు కట్టి బాగుచేయించుకున్నాను. మూడు వారాలకు మళ్ళీ అంతే. మూడుసార్లు గోదావరి దాటించాను. నాలుగోసారి ఓపిక లేక గుడ్డ కప్పి మూల పెట్టేశాను. జీతంలో మాత్రం అప్పు వాయిదాలు నెలనెలా కోత పడుతూనే ఉన్నాయి.

మా నాన్నగారు తిట్టలేదు. ఒకే ఒక మాట అన్నారు. "ఒరే అబ్బాయీ, కచేరీలో నువ్వు అందరి రసీదులూ చూస్తావు కదరా!" మళ్ళీ ఆదివారం ఆ వసారాకే వెళ్ళారు. 1988 ఏప్రిల్‌లో కాలం చేశారు. రామాయణం జూలై 31న పూర్తయింది. పట్టాభిషేకం ఆయన చూడలేదు.

అప్పటికి కొత్త చట్టం అమలులోకి వచ్చిందని నాకు తెలియదు. గెజిట్లు వచ్చే ఆఫీసులో పనిచేస్తూ కూడా తెలుసుకోలేదు. ఫిర్యాదుల వ్యవస్థ భాగం జూలై 1న అమలైంది. నేను టీవీ కొన్నది ఆగస్టులో. నిజం చెప్పాలంటే, తెలిసినా అప్పటికప్పుడు ఉపయోగం తక్కువే. జిల్లాల్లో ఫోరంలు ఏర్పడటానికి కొన్నేళ్ళు పట్టింది. అయితే ఫోరం ఉన్నా చేతిలో ఆ చీటీ పెట్టుకుని నేను ఏమి రుజువు చేయగలిగేవాణ్ణి?

ఫోరం ఎలా పనిచేసింది

1986 చట్టం గొప్పతనం దాని సులువులో ఉంది. జిల్లా స్థాయిలో ఫోరం, రాష్ట్ర స్థాయిలో కమిషన్, ఢిల్లీలో జాతీయ కమిషన్. జిల్లా ఫోరంలో జిల్లా జడ్జి అర్హత గల అధ్యక్షుడు, ఇద్దరు సభ్యులు. ఆ ఇద్దరిలో ఒకరు స్త్రీ అయి ఉండాలి. తెల్ల కాగితం మీద ఫిర్యాదు రాసి, రసీదు నకళ్ళు జతచేస్తే చాలు. వకీలు అవసరం లేదు. మొదట్లో రుసుము కూడా లేదు. వస్తువులో లోపం ఉందా లేదా అన్నది చూడగానే తేలకపోతే ప్రయోగశాలకు పంపి పరీక్ష చేయించే అధికారం ఫోరానికి ఉంది. లోపం రుజువైతే బాగుచేయించమనో, కొత్తది ఇమ్మనో, సొమ్ము వాపసు చేయమనో, నష్టపరిహారం, ఖర్చులు కట్టమనో ఆదేశించవచ్చు.

జిల్లా ఫోరం పరిధి మొదట లక్ష రూపాయలు. 1993 సవరణతో అయిదు లక్షలు, 2003 మార్చి నుంచి ఇరవై లక్షలు అయింది. మన పూర్వపు తూర్పు గోదావరి జిల్లాకు కాకినాడలోనూ, రాజమండ్రిలోనూ ఫోరంలు ఏర్పడ్డాయి. అయితే పాత చట్టం ప్రకారం, అమ్మినవాడు ఉన్నచోట గాని, వివాదానికి కారణం పుట్టినచోట గాని ఫిర్యాదు వేయాలి. రాజోలు వాడు హైదరాబాదులో ఫ్రిజ్ కొని తెచ్చుకుంటే హైదరాబాదు తిరగవలసిందే. వంతెనలు లేని రోజుల్లో రేవు దాటి కాకినాడ వెళ్ళి వాయిదా అందుకోవడమంటే ఒక రోజు కూలీ, ఒక రోజు సెలవు పోయినట్టే.

పెట్టె మీది అక్షరాలు

హక్కులన్నీ ఫోరంలోనే ఉండవు. కొన్ని అట్టపెట్టె మీద ఉంటాయి. తొంభైలకు ముందు పెట్టెల మీద "స్థానిక పన్నులు అదనం" అని ఉండేది. ఆ అదనం ఎంతో దుకాణదారు చెప్పిందే వేదం. 1990 నుంచి అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ చిల్లర ధర ముద్రించాలన్న నియమం వచ్చింది. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను మనలో ఎవరికీ మరపురాదు. కొబ్బరితోటలు నేలమట్టమై, కరెంటు లేక చీకట్లో ఉన్న వారాల్లో ట్రాన్సిస్టరు రేడియోయే మనకు దిక్కు. అప్పుడు బ్యాటరీ సెల్లు మీద ఉన్న ధర చూపించి, అంతకు మించి ఇవ్వనని వాదించిన మొదటి మనిషి మా ఇంటావిడ. నేను పక్కనే నిలబడి చూశాను.

ఇక ముద్రల సంగతి. ఐ.ఎస్.ఐ. ముద్ర మనకు పాతదే. 1947లో ఏర్పడిన భారతీయ ప్రమాణాల సంస్థ స్థానంలో 1987లో భారతీయ ప్రమాణాల బ్యూరో వచ్చింది. ఎలక్ట్రానిక్ వస్తువులకు 2012లో నిర్బంధ రిజిస్ట్రేషన్ ఉత్తర్వు వచ్చింది. సెల్‌ఫోన్లు, ఛార్జర్లు, టీవీల వంటివి ప్రమాణాల పరీక్షకు నిలిచి రిజిస్టరైతేనే అమ్మాలి. అటువంటి వస్తువు మీద బ్యూరో గుర్తు, దానితో పాటు ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది. తీర్థాలలోనూ, బస్టాండు పక్క బళ్ళ మీదా దొరికే ఛార్జర్ల మీద ఆ నంబరు ఉందో లేదో చూడండి. తలగడ పక్కన ఛార్జింగు పెట్టి నిద్రపోయే అలవాటు ఉన్నవారు మరీ చూడాలి.

టెలిఫోను చిక్కు, పెన్షను చిక్కు

టెలిఫోను విషయంలో ఒక విచిత్రం జరిగింది. బిల్లు తప్పు వచ్చిందని ఫోరాలకు వెళ్ళినవారు కొన్నేళ్ళు ఉపశమనం పొందారు. 2009లో సుప్రీంకోర్టు, టెలిఫోను బిల్లుల వివాదాలకు టెలిగ్రాఫ్ చట్టం 7-బి సెక్షను కింద మధ్యవర్తిత్వమే మార్గమనీ, వినియోగదారుల ఫోరం వినరాదనీ తీర్పు ఇచ్చింది. ఏ 1885 చట్టం కింద మా నాన్నగారు రేడియోకు ముద్ర వేయించుకున్నారో, ఆ చట్టమే మళ్ళీ అడ్డం వచ్చింది. పదమూడేళ్ళ తర్వాత, 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టే ఇంకో కేసులో, టెలికాం సేవల ఫిర్యాదులు వినియోగదారుల కమిషన్ వినవచ్చునని తేల్చింది. 1885, 1933 నాటి ఆ రెండు పాత చట్టాల స్థానంలోకి 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం చేశారు.

మన పెన్షనర్లు తరచుగా అడిగే ప్రశ్నకు కూడా ఇక్కడే జవాబు చెబుతాను. పెన్షను, గ్రాట్యుటీ ఆలస్యమైతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చా? కంపెనీ ఉద్యోగుల ప్రావిడెంటు ఫండు సభ్యుడు వినియోగదారుడేనని 1999లో సుప్రీంకోర్టు చెప్పింది. కాని ప్రభుత్వోద్యోగి తన సర్వీసుకు సంబంధించిన రిటైర్మెంటు ప్రయోజనాల కోసం వినియోగదారుల ఫోరానికి వెళ్ళరాదని 2013లో చెప్పింది. అందుకు ట్రిబ్యునళ్ళు, కోర్టులు వేరే ఉన్నాయి. ఇది తెలియక కాగితాలూ కాలమూ వృథా చేసుకోవద్దు.

నది ఇవతలికి వచ్చిన చట్టం

1986 చట్టం స్థానంలో 2019 చట్టం వచ్చింది. 2020 జూలై 20 నుంచి అమలులో ఉంది. ఫోరం పేరు కమిషన్ అయింది. మన కోనసీమవారి దృష్టిలో అన్నిటికంటే పెద్ద మార్పు ఒకటే. ఫిర్యాదుదారు తాను నివసించే చోట, లేదా పనిచేసే చోట ఉన్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. కంపెనీ ఢిల్లీలో ఉన్నా, ముంబాయిలో ఉన్నా వాళ్ళే మన దగ్గరకు రావాలి. 2020 సెప్టెంబరులో ఇంటినుంచే కంప్యూటరు మీద ఫిర్యాదు దాఖలు చేసే ఈ-దాఖిల్ మొదలైంది. 2025 జనవరి 1న ఈ-జాగృతి అనే కొత్త వ్యవస్థ వచ్చింది. వీడియో ద్వారా విచారణకు కూడా చట్టంలో వీలుంది. నేను ఒళ్ళో టీవీ పెట్టుకుని మూడుసార్లు దాటిన గోదావరిని ఇప్పుడు కాగితం దాటనక్కరలేదు.

మిగిలిన ముఖ్యాంశాలు క్లుప్తంగా చెబుతాను. కొనుగోలుకు చెల్లించిన సొమ్ము యాభై లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్. ఈ పరిమితి 2021 డిసెంబరు 30 నాటి నియమాలతో వచ్చింది. అయిదు లక్షల లోపు అయితే రుసుము లేదు. వివాద కారణం పుట్టిన రెండేళ్ళలోపు ఫిర్యాదు వేయాలి. నోటీసు అందుకున్న కంపెనీ ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇంకో పదిహేను రోజులు మాత్రమే పొడిగించవచ్చు. ఆ నలభై అయిదు రోజులు దాటితే గడువు లేదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. మూడు నెలల్లో, పరీక్షలు అవసరమైతే అయిదు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. ఆచరణలో ఆలస్యం జరుగుతూనే ఉంటుంది. ఆ మాట దాచను. అయితే కమిషన్ ఉత్తర్వు పాటించనివారికి నెల నుంచి మూడేళ్ళ వరకు జైలు గాని, ఇరవై అయిదు వేల నుంచి లక్ష వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు.

నాకు అన్నిటికంటే నచ్చినది ఇంకొకటి ఉంది. బిల్లు ఇవ్వకపోవడాన్నే ఈ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా చెప్పింది. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే ముప్పై రోజుల్లోగా, వెనక్కి తీసుకోకపోవడమూ అంతే. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని గోడకు బోర్డు కట్టినంత మాత్రాన పాడు సరుకు మనకు అంటగట్టే హక్కు రాదు. ఆ రోజు దుకాణదారు నాకు చేసిన "మేలు" ఇప్పుడు చట్టం దృష్టిలో తప్పు.

రెండోసారి

నేను 2007లో పదవీ విరమణ చేశాను. ఇప్పుడు మన బతుకంతా సెల్‌ఫోనులో ఉంది. బ్యాంకు ఓటీపీ అందులోకే వస్తుంది. జీవన్ ప్రమాణ్ లైఫ్ సర్టిఫికేటు 2014 నుంచి ఉంది. 2021 నుంచి ముఖం చూపించి ఫోనులోనే ఇచ్చే వీలు వచ్చింది. అమెరికాలో ఉన్న మనవరాలు కనిపించేదీ అందులోనే. అంచేత ఫోను పాడైతే మన వయసువారికి కాలూ చెయ్యీ ఆడదు.

2023లో కొన్న నా ఫోనుకు ఎనిమిదో నెలలో బ్యాటరీ ఉబ్బి వెనకభాగం లేచింది. సర్వీసు కేంద్రానికి తీసుకువెళ్ళాను. అక్కడి కుర్రవాడు చూసి, "లోపల తడి తగిలిందండి, వారంటీ వర్తించదు. నాలుగు వేల రెండు వందలు అవుతుంది" అన్నాడు. ఫోను నీటిలో పడలేదు. నేను కోపగించుకోలేదు. "సరే బాబూ, తడి ఎక్కడ ఉందో, ఎలా తెలిసిందో జాబ్ షీటు మీద రాసి సంతకం పెట్టి ఇవ్వు" అన్నాను. లోపలికి వెళ్ళి ఇంకొకరిని తీసుకువచ్చాడు. ఇద్దరూ మాట్లాడుకున్నారు. చివరికి తడి మాట లేకుండా "బ్యాటరీ ఉబ్బింది" అని మాత్రం రాసి ఇచ్చారు. నలభై ఏళ్ళు ఫైళ్ళు చూసినవాడికి అది చాలు.

ఇంటికి వచ్చి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేశాను. అక్కడ తెలుగులోనే మాట్లాడారు. ఫిర్యాదు నంబరు ఇచ్చారు. మా మనవడు బిల్లూ, జాబ్ షీటూ ఫొటోలు తీసి పంపాడు. ఇది కోర్టు కాదు. కంపెనీకి ఫిర్యాదు పంపి పరిష్కారం అడుగుతుంది, ఆజ్ఞాపించలేదు. అయినా పందొమ్మిదో రోజున కంపెనీవారు ఫోను చేసి, బ్యాటరీ, వెనక పలక ఉచితంగా మార్చి ఇచ్చారు. కమిషన్ దాకా వెళ్ళవలసిన అవసరం రాలేదు.

మరమ్మతు హక్కు అనే మాట ఈమధ్య వింటున్నాము. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దీని మీద ఒక కమిటీ వేసింది. ఆ డిసెంబరు 24న మరమ్మతు వివరాలు, విడిభాగాలు, సర్వీసు కేంద్రాల సమాచారం ఒకచోట దొరికేలా పోర్టల్ ప్రారంభించారు. ఉద్దేశం మంచిదే. వస్తువు మనదైనప్పుడు దాన్ని బాగుచేయించుకునే వీలు కూడా మనకుండాలి కదా. మన రేడియో మెకానిక్కుల కాలంలో ఆ హక్కు పేరు లేకుండానే ఉండేది. సర్క్యూటు బొమ్మ రేడియో వెనక అట్ట మీదే అతికించి ఉండేది.

సభ్యులకు కొన్ని సూచనలు

1. బిల్లు లేకుండా ఏదీ కొనవద్దు. బిల్లు మీద వస్తువు సీరియల్ నంబరు, ఫోను అయితే ఐ.ఎం.ఇ.ఐ. నంబరు ఉండేలా చూడండి. ఫోనులో స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే ఆ నంబరు కనిపిస్తుంది.

2. బిల్లు అక్షరాలు కొన్నాళ్ళకు వెలిసిపోతాయి. కొన్నరోజే జిరాక్సు తీయించి పెట్టుకోండి.

3. వారంటీ కార్డు మీద దుకాణం ముద్ర, తేదీ అక్కడే వేయించుకోండి.

4. మరమ్మతుకు ఇచ్చినప్పుడల్లా జాబ్ షీటు తీసుకోండి. నోటిమాట పనికిరాదు.

5. ఫోను పోతే పోలీసు ఫిర్యాదు ఇచ్చి, సంచార్ సాథీ ద్వారా ఆ ఫోనును బ్లాక్ చేయించండి.

6. ఖాతాలోంచి డబ్బు పోతే వెంటనే 1930కి, బ్యాంకుకు తెలపండి. తప్పు మనదీ బ్యాంకుదీ కానప్పుడు, మూడు పనిదినాల్లో తెలిపితే నష్టం మన మీద పడదని 2017 రిజర్వు బ్యాంకు ఉత్తర్వు. మనమే ఓటీపీ చెప్పేస్తే మాత్రం ఆ రక్షణ ఉండదు.

7. కరెంటు హెచ్చుతగ్గుల వంటి ఫిర్యాదులకు 2003 విద్యుత్ చట్టం కింద వినియోగదారుల ఫిర్యాదుల ఫోరం, దానిమీద అంబుడ్స్‌మన్ ఉన్నారు.

మా ఇంట్లో ఒక ఫైలు ఉంది. పాత అలవాటు చొప్పున అట్ట మీద పేరు, లోపల పుటల సంఖ్య వేసి ఉంచాను. ఫ్రిజ్, ఫ్యాను, మిక్సీ, ఇన్వర్టరు, ఫోను బిల్లులన్నీ అందులో వరుసగా ఉన్నాయి. మనవలు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ ఫైలులో ఒకటో పుట 1987 నాటి చీటీ. "టీవీ 1" అని, కింద ధర. దుకాణం పేరు లేదు. కొత్త బిల్లు ఏది వచ్చినా ముందు ఆ పుట తెరిచి చూసుకుని, తర్వాత దీన్ని చివర చేరుస్తాను.

మీ ఇంట్లోనూ ఈ వారమే అటువంటి ఫైలు ఒకటి తెరవమని మనవి. ఒకటో పుటలో మాత్రం అసలు బిల్లే ఉండాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.